బ్రిటిష్ విశ్వవిద్యాలయములు: ధనము, స్వాతంత్ర్యము

విశ్వవిద్యాలయము నడచుటకు రెండు కావలెను. ఒకటి ధనము, రెండవది స్వాతంత్ర్యము. ధనము లేనిదే ప్రయోగశాల లేదు, గ్రంథాలయము లేదు, అధ్యాపకునకు జీతము లేదు. స్వాతంత్ర్యము లేనిదే సత్యాన్వేషణము లేదు. అయితే ఈ రెండును ఒకచోట నిలుచుట సులభము కాదు. ధనమిచ్చినవాడు లెక్క అడుగును. లెక్క అడిగినవాడు ఏమి బోధింపవలెనో, ఎందరికి బోధింపవలెనో కూడ క్రమముగా చెప్పనారంభించును. ఈ చిక్కును విడదీయుటకు బ్రిటన్‌లో 1919లో ఒక ఉపాయము కనిపెట్టిరి. అది డెబ్బది సంవత్సరములు నడచి 1989లో అంతరించినది. ఆ ఉపాయమెట్టిదో, అది ఏల నిలువలేకపోయినదో తెలిసికొనుట మన దేశపు ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఉపయోగకరము.

దాతల కాలము

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు మధ్యయుగములలో పుట్టినవి. మన దేవాలయములకు మాన్యములున్నట్లే అక్కడి కళాశాలలకు భూములుండెడివి. వాటిపై వచ్చు కౌలుతో అవి జీవించినవి. పందొమ్మిదవ శతాబ్దమున పరిశ్రమలు పెరిగిన పట్టణములలో క్రొత్త కళాశాలలు వెలసినవి. వాటికి మూలధనమిచ్చినవారు వర్తకులు, పారిశ్రామికులు. బర్మింగ్‌హాములో 1880లో తెరచిన విజ్ఞాన కళాశాలకు దాత జోసయా మేసన్. ఆయన కలముల పాళీలు తయారుచేసి ధనవంతుడైనవాడు. షెఫీల్డులో ఉక్కు వర్తకుడు మార్క్ ఫర్త్, బ్రిస్టలులో పొగాకు వర్తకులైన విల్స్ కుటుంబమువారు ఇట్లే విరాళములిచ్చిరి. ఈ కళాశాలలే తరువాత విశ్వవిద్యాలయములైనవి: బర్మింగ్‌హాము 1900లో, షెఫీల్డు 1905లో, బ్రిస్టలు 1909లో.

కాని విజ్ఞానశాస్త్రము ఖర్చుతో కూడిన విద్య. పూర్వపు పండితునకు గ్రంథములు, దీపము ఉన్న చాలును. రసాయనశాస్త్రజ్ఞునకు, భౌతికశాస్త్రజ్ఞునకు యంత్రపరికరములు, సహాయకులు, ప్రత్యేక భవనములు కావలెను. దాతల ఔదార్యము అంతవరకు చాలలేదు. 1889లో ప్రభుత్వము మొదటిసారిగా పదకొండు కళాశాలలకు కలిపి సంవత్సరమునకు 15,000 పౌనులు మంజూరు చేసినది. మొత్తము చిన్నదే అయినను, ప్రభుత్వ ఖజానాకును విశ్వవిద్యాలయములకును సంబంధము దానితో ఏర్పడినది.

1919 నాటి ఉపాయము

మొదటి ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి విశ్వవిద్యాలయముల స్థితి దీనముగా ఉండెను. యువకులు యుద్ధమునకు పోవుటచే ఫీజుల రాబడి పడిపోయినది. ధరలు పెరిగినవి. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి సైతము ప్రభుత్వ సహాయము కోరవలసివచ్చినది. అప్పుడు, 1919 జూలైలో, విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము ఏర్పడినది. దీనిని పార్లమెంటు శాసనముచే సృష్టింపలేదు. ఖజానా శాఖవారి ఒక్క ఉత్తరువుతో అది పుట్టినది. మొదటి అధ్యక్షుడు సర్ విలియం మెకార్మిక్.

దీని పని తీరు ఇట్టిది. సంఘ సభ్యులలో అత్యధికులు విద్యావేత్తలు. వారు విశ్వవిద్యాలయములను స్వయముగ దర్శించి, అవసరములు తెలిసికొని, కావలసిన మొత్తమును ప్రభుత్వమునకు సూచింతురు. ప్రభుత్వము మొత్తము ధనమును నిర్ణయించును. దానిని ఎవరికెంత పంచవలెనో సంఘమే తేల్చును. విశ్వవిద్యాలయమునకు చేరిన ధనము ఒకే మొత్తముగా చేరును. అందులో గణితమునకెంత, గ్రీకు భాషకెంత అను నిర్ణయము విశ్వవిద్యాలయమునదే. పైగా గ్రాంటు ఐదేండ్లకొకసారి నిశ్చయమగుటచే ముందుచూపుతో పని చేయుటకు వీలుండెడిది. ఏ మంత్రియు ఒక ఆచార్యునిపై కోపగించి అతని శాఖకు ధనము ఆపుటకు అవకాశము లేదు. ప్రభుత్వమునకు, విశ్వవిద్యాలయమునకు నడుమ ఈ సంఘము ఒక కంచెవలె నిలిచినది.

మన దేశమునకు చేరిన భావము

ఈ భావము మన దేశమునకును వచ్చినది. 1944 నాటి సార్జెంటు నివేదిక ఇట్టి సంఘమును సూచించినది. 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ దీనిని గట్టిగా బలపరచినది. దాని అధ్యక్షుడు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా ఉండి, పిదప ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి నిర్వహించినవాడు. రెండు దేశముల పద్ధతులను ఆయన దగ్గరగా చూచెను. మన విశ్వవిద్యాలయ గ్రాంటుల కమిషన్ 1953లో ప్రారంభమై 1956లో శాసనబద్ధమైనది. బ్రిటిష్ సంఘము ఉత్తరువుపై మాత్రమే నిలువగా, మనది చట్టముపై నిలిచినది. ఈ తేడా గమనింపదగినది.

కంచె బలహీనపడుట

రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము విశ్వవిద్యాలయముల రాబడిలో ప్రభుత్వ ధనము సుమారు మూడవ వంతు. యుద్ధానంతరము అది మూడింట రెండు వంతులను దాటినది. 1946లో బార్లో సంఘము విజ్ఞానశాస్త్ర పట్టభద్రుల సంఖ్య రెట్టింపు కావలెనని చెప్పినది. 1962 విద్యాశాసనముచే అర్హులైన విద్యార్థుల ఫీజును, వారి ఆర్థిక స్థితినిబట్టి భోజన వసతుల ఖర్చును స్థానిక సంస్థలు భరింపసాగినవి. సస్సెక్స్ (1961), యార్క్ (1963), వార్విక్ (1965) వంటి క్రొత్త విశ్వవిద్యాలయములు వెలసినవి. 1963లో రాబిన్స్ నివేదిక, యోగ్యత ఉండి చదువ గోరిన ప్రతివారికిని ఉన్నతవిద్యలో చోటుండవలెనని ప్రకటించి, అప్పటి 2,16,000 మంది పూర్తికాల విద్యార్థులు 1980 నాటికి సుమారు 5,60,000 కావలెనని అంచనా వేసినది.

ఇది గొప్ప ఆశయము. కాని కొద్దిమంది చదువుకొను కాలమునకు ఏర్పరచిన పద్ధతి లక్షలమంది చదువు కాలమున అట్లే నిలుచుట కష్టము. ఖర్చు పెరిగినకొలది పార్లమెంటు లెక్కలు చూడగోరినది. 1964లో సంఘము ఖజానా శాఖ నుండి విద్యాశాఖ క్రిందికి మారినది. 1968 నుండి ప్రభుత్వ ఆడిటరుకు విశ్వవిద్యాలయముల పద్దులు చూచు హక్కు కలిగినది. 1973లో చమురు ధర పెరిగి, ద్రవ్యోల్బణము విజృంభించుటతో ఐదేండ్ల గ్రాంటు పద్ధతి కూలిపోయినది.

గట్టి దెబ్బ 1981లో తగిలినది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వము మొత్తము ధనమును తగ్గింపగా, ఎవరికెంత కోత పడవలెనో సంఘమే నిర్ణయింపవలసివచ్చినది. సమముగా తగ్గించిన అన్ని చోట్లను ప్రమాణములు దిగజారునని తలచి, కొందరికి స్వల్పముగను, కొందరికి తీవ్రముగను కోత పెట్టిరి. సాల్‌ఫర్డు విశ్వవిద్యాలయము గ్రాంటులో నూటికి నలువది పాళ్లకు మించి కోల్పోయినది. సంఘము ఉద్దేశము ఏదైనను, నష్టపడినవారికి కంచె చేను మేసినట్లు తోచినది. ఇచ్చుటకు ధనమున్నంత కాలము ఆ సంఘము రక్షకుడు. ధనము తరిగిన నాడు శిక్షకుడు.

తరువాతి మార్పులు వేగముగా వచ్చినవి. 1985లో జారట్ నివేదిక వైస్ ఛాన్సలరు ఒక కంపెనీ ముఖ్యాధికారివలె వ్యవహరింపవలెనన్నది. 1986లో పరిశోధనకు నాణ్యత లెక్కగట్టి ధనమిచ్చు పద్ధతి ఆరంభమైనది. 1988 శాసనము క్రొత్తగా నియమితులగు అధ్యాపకులకు శాశ్వత ఉద్యోగ భద్రతను తొలగించి, గ్రాంటుల సంఘమును రద్దుచేసినది. శాసనము లేకుండ పుట్టినది శాసనముచే గిట్టినది.

విద్యార్థియే ధనదాత

అటుపిమ్మట ధనభారము విద్యార్థిపైకి మరలినది. 1998లో సంవత్సరమునకు 1,000 పౌనుల ఫీజు విధించిరి. 2006లో అది 3,000 వరకును, 2012లో ఇంగ్లండులో 9,000 వరకును పెరిగినది. ప్రభుత్వము అప్పు ఇచ్చును. చదువు ముగిసి తగిన ఆదాయము వచ్చిన పిదపనే విద్యార్థి తీర్పవలెను. స్కాట్‌లండు మాత్రము తన విద్యార్థులకు ఫీజు లేని మార్గమునే ఎన్నుకొన్నది.

ధనము విద్యార్థి ద్వారా వచ్చిన ప్రభుత్వ జోక్యము తగ్గునని కొందరు భావించిరి. అట్లు జరుగలేదు. ఫీజు పరిమితిని నిర్ణయించునది ప్రభుత్వమే. 2017లో 9,250 పౌనులైన ఫీజు 2025 వరకు కదలలేదు. ఆ లోపల ధరలు పెరుగుటచే దాని కొనుగోలు శక్తి 2012తో పోల్చిన సుమారు మూడవ వంతు తగ్గినది. 2025లో దానిని 9,535కు పెంచిరి. లోటు పూడ్చుకొనుటకు విశ్వవిద్యాలయములు విదేశీ విద్యార్థులపై ఆధారపడసాగినవి. వారి ఫీజుకు పరిమితి లేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నముల నుండి మాస్టర్సు చదువుకు బ్రిటన్ పోవు తెలుగు విద్యార్థులు చెల్లించు పెద్ద మొత్తములు ఈ లోటును పూడ్చుటకే ఉపయోగపడుచున్నవి. అయితే అదియు స్థిరమైన ఆధారము కాదు. 2024 జనవరి నుండి అట్టి విద్యార్థులలో అత్యధికులు కుటుంబమును వెంట తీసికొనిపోవుటను ప్రభుత్వము నిషేధింపగా దరఖాస్తులు తగ్గినవి. పలుచోట్ల అధ్యాపకుల ఉద్యోగములు పోయినవి, కొన్ని శాఖలు మూతపడినవి.

నూరేండ్లకు మించిన ఈ చరిత్ర చూచినచో ఒక విషయము స్పష్టమగును. దాత, ప్రభుత్వము, విద్యార్థి: ఎవరు ఇచ్చినను ఒక్క చేతిపైననే ఆధారపడిన విశ్వవిద్యాలయము ఆ చేయి వణకినప్పుడెల్ల వణకును. 1919 నాటి పెద్దలు మధ్యన కంచె కట్టుట తెలిసినవారే. అయితే కంచె లోపలికి నీరు నాలుగు కాలువల నుండి రావలెనని, ఆ కంచె మర్యాదపై కాక చట్టముపై నిలువవలెనని ఆ నాడు ఆలోచింపలేదు. విశ్వవిద్యాలయములను కట్టుకొను ప్రతి దేశమును ఈ రెండు విషయములను ముందుగనే ఆలోచించుట మేలు.