చిట్టమూరు మండలంలో ప్రత్యేక విద్య: వాడ నుంచి భవిత కేంద్రం దాకా

పల్లెల్లో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వం చదువు అందించే ఏర్పాటంతా మండలం ఆధారంగా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద మండలానికో ‘భవిత’ కేంద్రం, అందులో ఐఈఆర్‌పీలు అనే ప్రత్యేక ఉపాధ్యాయులు సాధారణంగా ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళవి కాంట్రాక్టు ఉద్యోగాలు. కేంద్రానికి రాగలిగిన పిల్లలకు అక్కడే పాఠం చెప్పాలి, మామూలు బడికి వెళ్ళే పిల్లల కోసం బడులన్నీ తిరగాలి, కదల్లేని పిల్లల ఇళ్ళకు వెళ్ళాలి. మూడు పనులూ ఆ ఒకరిద్దరివే.

చిట్టమూరు గూడూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలోని మండలం. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పులికాట్ దాపున వరి పొలాలు, రొయ్యల గుంటలు ఉన్న ప్రాంతం ఇది. ఈ తీరమంతటా దళితవాడ, అరుంధతివాడ, యానాదుల కాలనీ ఊరికి ఎడంగానే ఉంటాయి. బస్సు ఆగేది ఊళ్ళో. వాడ నుంచి అక్కడిదాకా పిల్లను ఎత్తుకుని నడవాల్సింది తల్లే.

చట్టం అలా చెప్పలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత విద్య హక్కు. 16వ సెక్షన్ పిల్లలకూ, ఎక్కువ ఆసరా అవసరమైన పిల్లల వెంట వచ్చే మనిషికీ రవాణా సౌకర్యం కల్పించమంటుంది. ఆచరణలో ఆ సౌకర్యం ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, ఎస్కార్ట్ అలవెన్స్ అనే కొద్దిపాటి డబ్బుగా కుదించుకుపోయింది. సమగ్ర శిక్షలో ఆడపిల్లలకిచ్చే స్టైపెండ్ నెలకు 200 రూపాయలు. అది ప్రయాణానికి ఇచ్చేది కాదనుకోండి, అయినా పోల్చి చూడొచ్చు: 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నాట్లప్పుడు, కోతలప్పుడు తల్లి బిడ్డను భవితకు తీసుకెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 2.21 శాతమైతే ఎస్సీల్లో 2.45 శాతం. ఈ కూలి నష్టం ఎవరి మీద ఎక్కువ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి చోటే ‘గృహాధారిత విద్య’ అనే మాట వినపడుతుంది. విద్యా హక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు దీన్ని ఎంచుకోవచ్చు. ఎంచుకోవడం వాళ్ళ హక్కు. దారి లేదు కాబట్టి ఇంట్లో ఉన్న పిల్లను ఆ జాబితాలో రాసేస్తే అది ఎంపిక కాదు, కాగితం మీద చదువు.

ఇక సదరం సర్టిఫికెట్. ఆధార్ లేనిదే స్లాట్ దొరకదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా పనుల్లో తిరిగే యానాది కుటుంబాలు మొదట ఆగిపోయేది అక్కడే. స్లాట్ దొరికినా వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలిన పిల్లలు 31వ సెక్షన్ బయటే మిగులుతారు. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. అది కావాల్సిందే. కానీ సర్టిఫికెట్ అంటే పింఛనే అన్నట్టు మాట్లాడే కార్యాలయాల్లో బడి ఊసు రాదు.

మధ్యలో 2022 నాటి జీవో 117 ఒకటి. 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూలుకు తరలించింది. నడవలేని పిల్లకు కిలోమీటరంటే ఏమిటో లెక్కలోకి రాలేదు. 2025లో ఆ జీవో పోయింది.

2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు ఉండాలంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది: 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. రెగ్యులర్ పోస్టులు రావడం మంచిదే. రాష్ట్రంలో ప్రభుత్వ బడులు మాత్రం 40 వేలకు పైనే.

మండల స్థాయిలో పనిచేసేవాళ్ళు సమాచార హక్కు కింద ఎంఈఓను అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. 17వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళకోసారి బడి పిల్లల్లో వైకల్యాన్ని గుర్తించే సర్వే చివరిసారి ఎప్పుడు జరిగింది? గృహాధారిత విద్య జాబితాలో ఎంతమంది, అందులో ఎస్సీ, ఎస్టీ పిల్లలెంతమంది? ఐఈఆర్‌పీ ఇళ్ళకు వెళ్ళిన రిజిస్టరు, అలవెన్సులు ఖాతాల్లో పడిన తేదీలు కూడా అడగాలి. కులం వారీ వివరం విడిగా అడగకపోతే మొత్తం అంకె ఒక్కటే చేతికొస్తుంది.