హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదిక

1962 చైనా యుద్ధంలో భారత సైన్యం ఓటమికి కారణాలను పరిశీలించిన సైనిక విచారణ నివేదిక ఇది. లెఫ్టినెంట్ జనరల్ టి.బి. హెండర్సన్ బ్రూక్స్, విక్టోరియా క్రాస్ గ్రహీత బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్ దీన్ని తయారుచేసి 1963లో సమర్పించారు. ఆరు దశాబ్దాలు దాటినా కేంద్రం దీన్ని అధికారికంగా ప్రచురించలేదు.

నేపథ్యం

భారత్ తనదని చెప్పే అక్సాయ్ చిన్ మీదుగా చైనా వేసిన రోడ్డు 1957లో పూర్తయింది. దీనిపై భారత్ 1958 అక్టోబరులో చైనాకు నిరసన తెలిపింది. ఆ సంగతిని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పార్లమెంటు ముందు పెట్టింది మాత్రం 1959 ఆగస్టులో, సరిహద్దులో కాల్పులు జరిగాకే. సభ్యుల ఒత్తిడితో సెప్టెంబరులో ఇరుదేశాల ఉత్తరప్రత్యుత్తరాలు శ్వేతపత్రంగా వెలువడ్డాయి. ఇంతకాలం ఎందుకు దాచారన్న ప్రశ్న అప్పటినుంచే నెహ్రూను వెంటాడింది.

యుద్ధం, పార్లమెంటు

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. ప్రజలు ప్రభుత్వానికి అండగా నిలిచారు. మహిళలు ఒంటిమీది నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. యుద్ధం సాగుతుండగానే నవంబరు 8న పార్లమెంటు సమావేశమైంది. రహస్య సమావేశం జరపాలన్న సూచనను నెహ్రూ అంగీకరించలేదు. తన ప్రభుత్వంపై విమర్శలను బహిరంగంగానే విన్నారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి వదులుకున్నారు. నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది.

విచారణ

కొత్త సైన్యాధిపతి జె.ఎన్. చౌధురి విచారణకు ఆదేశించారు. శిక్షణ, ఆయుధాలు, నాయకత్వ వ్యవస్థ, సైనికుల శారీరక దారుఢ్యం, కమాండర్ల సామర్థ్యం పరిశీలనాంశాలు. రాజకీయ నాయకత్వం తీసుకున్న నిర్ణయాలు విచారణ పరిధిలోకి రాలేదు. 1963 సెప్టెంబరు 2న రక్షణమంత్రి వై.బి. చవాన్ ముఖ్యాంశాలను పార్లమెంటుకు వివరించారు, నివేదికను మాత్రం బయటపెట్టలేదు.

ఓటమి ప్రభావం రాజకీయాల్లోనూ కనిపించింది. ఆ ఏడాదే జరిగిన ఉపఎన్నికల్లో ప్రతిపక్ష నేతలు కృపలానీ, లోహియా, మసానీ గెలిచి లోక్‌సభకు వచ్చారు. ఆగస్టులో కృపలానీ పెట్టిన తొలి అవిశ్వాస తీర్మానం 62–347 ఓట్లతో వీగిపోయింది. సభలో మెజారిటీ చెక్కుచెదరలేదు గాని, నెహ్రూ మాటకు అంతకుముందున్న తిరుగులేని విలువ మిగల్లేదు. 1964 మే 27న ఆయన మరణించారు.

కొనసాగిన గోప్యత

పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్ సమాచార హక్కు చట్టం కింద నివేదికను కోరగా, 2009లో కేంద్ర సమాచార కమిషన్ నిరాకరణను సమర్థించింది. నివేదికకు నేటికీ సైనిక ప్రాధాన్యం ఉందని 2010లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014 మార్చిలో రచయిత నెవిల్ మాక్స్‌వెల్ ఇంటర్నెట్‌లో కొంత భాగాన్ని బయటపెట్టినప్పుడు ఈ గోప్యతను ప్రశ్నించిన అరుణ్ జైట్లీ, అదే ఏడాది జులైలో రక్షణమంత్రిగా ప్రచురణ దేశప్రయోజనాలకు అనుకూలం కాదన్నారు.

ప్రభావం

ఈ గోప్యత నెహ్రూ ప్రతిష్ఠను కాపాడలేకపోయింది. ఆయన్ను సమర్థించేవారికీ తప్పుపట్టేవారికీ పూర్తి ఆధారం అందలేదు. ఓటమి భారాన్ని పంచుకున్న ప్రజలకు దాని కారణాలు పూర్తిగా తెలుసుకునే హక్కుంది. ఆ హక్కు దక్కనంత కాలం 1962పై జరిగే ప్రతి చర్చలోనూ అనుమానమే సాక్ష్యంగా చెలామణి అవుతుంది.