సికిల్ సెల్: మన్యంలోనూ, సౌదీలోనూ ఒకే జన్యు రకం
పాడేరు, అరకు గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ రక్తజబ్బు సౌదీ తూర్పున ఖతీఫ్, అల్‌అహ్సాలోనూ ఉంది. రెండు చోట్లా ఎక్కువగా ఉన్న జన్యు రకం ఒక్కటే, పేరు ‘అరబ్-ఇండియన్’. ఇందులో, పుట్టాక తగ్గిపోవాల్సిన పసిబిడ్డ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత మిగిలి, ఎర్రకణాలు కొడవలిలా వంగకుండా ఆపుతుంది. అందుకే ఆఫ్రికా రకాల కంటే జబ్బు తీవ్రత తక్కువంటారు. అందరికీ కాదు, నొప్పులతో ఆస్పత్రి పాలయ్యేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. క్యారియర్‌కి మామూలుగా ఏ బాధా ఉండదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. ఖాందాన్‌లో ఈ జన్యువు ఉండి, అందులోనే రిష్తా కలిపితే ముప్పు ఎక్కువ. సౌదీలో 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. రిపోర్టు చూశాక నిర్ణయం జంటదే. మన దగ్గర జహేజ్ గురించి గంటలు మాట్లాడతారు గానీ ఈ టెస్టు ఊసెత్తరు.