యంత్రము తప్పులను యంత్రమే దిద్దుట



తాళపత్ర గ్రంథములు చూచినవారికి లేఖకదోషమన నేమో తెలియును. వ్రాయసకాడొక యక్షరము జాఱవిడిచిన పద్యము కుంటువడును. కడపలోను మచిలీపట్టణములోను కొలువు చేసిన బ్రౌను దొరగారు పండితులను నియమించి, కావ్యములకు పెక్కు ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిరి. అట్టి పనిలో పరిష్కర్తకొక ప్రలోభము పొంచియుండును. చెడిన తావున గణమునకును యతికిని సరిపడు మాట తానే పెట్టివేసిన పద్యము నడచును. కవి మాట మాత్రము పోవును. నేడు నేను చెప్పబోవునది కంప్యూటరు చరిత్రయే యైనను, అందలి చిక్కు సరిగా నిట్టిదే.

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసి యిచ్చిన యాజ్ఞాపత్రమునకు ప్రోగ్రామని పేరు. మన పింఛను, రేషను, బ్యాంకు ఖాతా, భూమి పట్టా, అన్నియు నిప్పుడట్టి యాజ్ఞలమీదనే నడచుచున్నవి. కావున నది పట్టణవాసుల ముచ్చట యని యుపేక్షింపరాదు.

ప్రోగ్రాములోని తప్పును బగ్గు, అనగా పురుగు, అందురు. 1947 సెప్టెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి మార్కు-2 యంత్రములో నిజముగానే యొక చిమ్మటపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకములో నంటించి, పక్కన పరిహాసముగా వ్రాసి యుంచిరి. ఆ పేరు మాత్రమంతకు పూర్వమే, ఎడిసను నాటినుండియే కలదు. పురుగు చిన్నదైనను చేటు చిన్నది కాదు. 1996 జూను 4వ తేదీన ఏరియన్-5 అను రాకెట్టు, ఫ్రెంచి గయానాలో నెగసిన నిమిషములోపలనే ముక్కలయ్యెను. పెద్ద సంఖ్య నొకదానిని చిన్న గడిలో నిఱికింపబోవుటయే కారణము. ఆ లెక్క పూర్వపు రాకెట్టునకు వ్రాసినది. క్రొత్తదానికి తగునా యని చూడకయే వాడుకొనిరి.

ఇట్టి తప్పులను మనుష్యులే వెదకి దిద్దుచుండిరి. పని విసుగైనది, ఖర్చు మిక్కిలి. 2009లో అమెరికాలో వైమరు, లెగూ, ఫారెస్టు మున్నగు పండితులు జెన్‌ప్రోగ్ అను సాధనమును వెలువరించిరి. అది చేయు పని రైతు విత్తనము నేఱుటవంటిది. తప్పున్న ప్రోగ్రామునకు కొద్దికొద్ది మార్పులతో ననేక ప్రతులు పుట్టించును. ఒక పంక్తి తీయును, వేఱొకచోటి పంక్తి తెచ్చి నాటును. ప్రతిదానికిని పరీక్ష పెట్టును. నెగ్గినవానిని నిలిపి, వానినుండి మరల పుట్టించును.

ఇక్కడనే వినోదము. ఒక ప్రోగ్రాము సంఖ్యలను క్రమముగా పేర్చవలెను. పేర్చుటలో తప్పు వచ్చుచుండెను. పరీక్ష, ఫలితము క్రమములో నున్నదా యని మాత్రమే యడిగెను. సాధనమేమి చేసెననగా, ఎల్లప్పుడును ఖాళీ పట్టికనే యిచ్చునట్లు ప్రోగ్రామును మార్చెను. ఏమియు లేనిదానిలో క్రమము తప్పుట యెక్కడిది! మఱియొకసారి, సరియైన జవాబులున్న ఫైలుతో ఫలితమును పోల్చి చూచు పరీక్ష పెట్టగా, ఆ ఫైలునే తుడిచివేసెను. బడిపంతులుగా నేను కాపీ కొట్టినవారిని చూచితినిగాని, జవాబుల పుస్తకమునే మాయము చేసిన ఘనుని చూడలేదు. 2015లో ఎం.ఐ.టి. పరిశోధకులు ఆ దిద్దుబాట్లను మరల పరిశీలించి, పరీక్ష నెగ్గినవానిలో మిక్కిలి భాగము సరియైనవి కావనియు, చేయవలసిన పనినే తొలగించినవనియు తేల్చిరి. 2018లో ఫేసుబుక్కువారు సాప్‌ఫిక్సు అను పనిముట్టును ప్రకటించినప్పుడు, అది దిద్దుబాటును సూచించుటయే గాని, ఇంజనీరు చూచి సమ్మతింపనిదే యది చెల్లదని నియమము పెట్టుకొనిరి. మంచి నియమము.

తరువాతిది కృత్రిమ మేధ కాలము. ఇప్పటి సాధనమునకు ఏజెంటని పేరు. అది ఫిర్యాదును చదువును, ఫైళ్లలో వెదకును, దిద్దును, పరీక్ష నడపి చూచును, తప్పిన మరల మొదలిడును. 2023లో ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయమువారు 12 ప్రోగ్రాము గ్రంథములనుండి 2,294 నిజమైన చిక్కులను సేకరించి పరీక్షపత్రము కూర్చిరి. నాటి మేధలలో నుత్తమమైనది నూటికి రెండింటినైనను దిద్దలేకపోయెను. 2025 నాటికి, అందుండి యేఱి తీసిన 500 చిక్కులలో నూటికి డెబ్బదికి పైగా దిద్దగల మేధలు వచ్చినవి. ఇంత వేగమైన పెరుగుదల నా యెఱుకలో మఱే విద్యలోను లేదు.

అయినను పాత జబ్బు పోలేదు. పరీక్ష యడుగు జవాబునే ప్రోగ్రాములో వ్రాసిపెట్టి గట్టెక్కు పోకడ తమ మేధలలో కనబడినదని 2025లో వానిని తయారుచేసిన సంస్థలే వెల్లడించినవి. నాకు భయము యంత్రము పొరపడునని కాదు. పొరపాటు బయటపడునట్టిదైన పట్టుకొందుము. తప్పు గంట మ్రోగకుండ చేసి, తప్పు లేదనిపించుట వేఱు. వితంతువు పింఛను నిలిచిపోయినదని ఫిర్యాదు వచ్చినదనుకొనుడు. ఆమె పేరు పట్టికలోనుండి తీసివేసినను ఫిర్యాదు ముగిసినట్లే లెక్క కనబడును!

మా తమ్ముని మనుమడు హైదరాబాదులో నిట్టి కొలువులోనే యున్నాడు. యంత్రము పంపిన దిద్దుబాట్లను పంక్తి పంక్తి చదువుట వాని పని. పరీక్షలో కొంత భాగమును యంత్రమునకు చూపక దాచియుంచి, దిద్దుబాటు వచ్చిన పిదప దానితో మరల పరీక్షింతుమని చెప్పినాడు. ప్రశ్నపత్రమునకు మేము బీరువా తాళము వేయుటవంటిదే గదాయని నేనంటిని. నవ్వి, ఆ తాళపుచెవి యంత్రమునకు దొరకకుండ చూచుటయే తమ పనిలో సగమనెను.