శిస్తు, జీతం, నీటి వంతు: ఆన్‌లైన్ ఆటల్లో భూభాగ యుద్ధానికి గోదావరి నమూనా

వేలమంది ఒకే పటం మీద ఆడే ఆన్‌లైన్ ఆటలో కూటములు భూభాగం కోసం కొట్టుకోవాలంటే కోటలూ ఫిరంగులూ ఉంటే చాలదు. గెలిచిన నేల ఆదాయం ఎవరి చేతికి వస్తుంది, దాన్ని నిలబెట్టుకునే ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్నదాన్ని బట్టే యుద్ధం సాగుతుంది, లేదా ఆగిపోతుంది. మన కుర్రాళ్లు ఆడే బీజీఎంఐలో ఈ ప్రశ్న పుట్టదు. అరగంటలో ఆట ముగుస్తుంది, మరుసటి ఆటకు దీవి మళ్లీ ఎవరిదీ కాదు. చిక్కంతా ఏళ్ల తరబడి చెరగని పటంతోనే.

అలాంటి పటానికి పేరుపడ్డది ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట. అందులో ఒక నక్షత్ర మండలం మీద హక్కు నిలవాలంటే గడువు ప్రకారం రుసుము కట్టాల్సి ఉండేది. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే మండలానికి ఆ రుసుము అందలేదు, హక్కు పోయింది, ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. దాదాపు 21 గంటలు సాగిన పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు. ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ నౌకలు 75 ధ్వంసమయ్యాయి. ఇంత విధ్వంసానికి నాంది ఒక కట్టని బిల్లు.

గోదావరి చరిత్ర చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చింది వారి సైన్యం జీతాల కోసమే. ఖజానా నుంచి డబ్బు రాదని తెలిసి ఫ్రెంచి సేనాని బుస్సీ నేల మీది శిస్తునే అడిగి పుచ్చుకున్నాడు. ఆ శిస్తు వసూలుకు అతను ఉత్తర సర్కారులకు వెళ్లినప్పుడే, 1757 జనవరిలో, బొబ్బిలి కోట కూలింది. మరుసటి ఏడాది విజయనగరం ఆనందగజపతి రాజు ఇంగ్లీషువారిని పిలిపించాడు. పిఠాపురానికి ఉత్తరాన చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనను ఓడించి రాజమహేంద్రవరం పట్టుకున్నాడు. అయినా వెంటనే ఫ్రెంచివారి చేతిలోని మచిలీపట్నం మీదికి కదల్లేకపోయాడు. రాజు ఇస్తానన్న డబ్బు అందక సేన వారాల తరబడి నిలిచిపోయింది. తీరా మచిలీపట్నం చేరాక జీతాల కోసం అతని సేనలోని ఐరోపా సైనికులే ఎదురుతిరిగారు. ఎలాగో నచ్చజెప్పి 1759 ఏప్రిల్‌లో కోట గెలిచాడు గానీ, ఆ దండయాత్రలో శత్రువు కంటే ఖజానాయే ఎక్కువసార్లు అడ్డం పడిందని నా అభిప్రాయం. ఆటల రూపకర్తలు ఫిరంగి దెబ్బను ఎంతో శ్రద్ధగా లెక్కిస్తారు. జీతం బకాయిని మాత్రం చాలామంది పటంలోకే రానివ్వరు.

అయితే రుసుము ఒక్కటే పెడితే పెద్ద కూటమికి నష్టమేమీ లేదు, చిన్నదే చితికిపోతుంది. ఈవ్‌లో చాలాకాలం చంద్రుల మీద యంత్రాలు పెట్టిన కూటమికి, సభ్యులు వేలు కదపకపోయినా, ఖనిజాల రాబడి వచ్చేది. ఆ రాబడి నాయకుల చేతిలో ఉండేది. ఆ డబ్బుతో ఇంకో చంద్రుణ్ణి పట్టుకోవచ్చు. పటం గడ్డకట్టుకుపోయింది. 2014 నవంబరులో దూర ప్రయాణానికి అలసట అనే కళ్లెం వేశారు. మహానౌకల దండు ఒక్క రాత్రిలో పటం ఆ కొసకు దూకడం కష్టమైంది. నా దృష్టిలో అంతకంటే లోతైన మార్పు 2017 అక్టోబరుది. ఆ మార్పుతో చంద్రుడి ఖనిజాన్ని సభ్యులే వెళ్లి తవ్వుకోవాల్సి వచ్చింది. తవ్వేవాడు దాడికి దొరుకుతాడు, కాపలా లేకపోతే రాడు, రాకపోతే రాబడి లేదు. దాంతో నాయకుడు సామాన్య సభ్యుడి మొహం చూడక తప్పలేదు.

ఇక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కాలంటే మండపేట పొలాలు చూడాలి. ఇది గోదావరి తూర్పు డెల్టా. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజి నుంచి వచ్చే నీటితోనే సాగు. పొలం హక్కు ఒకరిది, లాకుల తాళం ఇంకొకరిది. రబీ పంటైన దాళ్వాలో గోదావరి సన్నబడితే వంతుల వారీగా నీళ్లు వదులుతారు. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి దిగే నీటి మీద కూడా ఆధారపడాలి. ఎగువ రైతుకు ముందు తడుస్తుంది, శివారు ఆయకట్టు ఎదురుచూస్తుంది. ఆటకు ఇది గొప్ప సరంజామా. నేలను రంగుల గళ్లుగా పంచకుండా పారే వనరుగా మలిస్తే, ఒక లాకును పట్టుకున్న చిన్న ముఠా దిగువన ఉన్న మహాకూటమితో బేరం ఆడగలదు. పై నుంచి వచ్చే నీటి పరిమాణం ఏ కూటమి చేతిలోనూ ఉండకూడదు.

దిగువవాడికి దాడి కాక ఇంకో ఆయుధం కూడా ఇవ్వాలి. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు పెరిగి, మురుగు కాలువలు పూడి పొలాలు మునుగుతుంటే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నేల చేతిలోనే ఉంది, నాట్లు మాత్రం పడలేదు. నాకు తెలిసిన భూభాగ ఆటలేవీ దీన్ని ఒక ఎత్తుగా గుర్తించవు. సాగు ఆపితే ఆటగాడు ఆట మానేశాడనే లెక్క. ఆటలో కూటమి నేలను సాగుచేసే కౌలుదారులు కలిసికట్టుగా బీడు పెట్టడానికి ఒక మీట ఉండాలి. దాన్ని నొక్కిన రోజు నుంచి ఆ మండలం రాబడి సున్నా కావాలి, ఏలే కూటమి కట్టాల్సిన రుసుము మాత్రం తగ్గకూడదు.