బడి గేటు దగ్గర తల్లిదండ్రులు



మన బోధన్ ప్రాంతములో "మా కొడుకును ఫాదర్ల బడిలో వేసినాము" అనే మాటను తండ్రులు కాస్త గర్వముగానే చెప్పుకొంటారు. ఆ బడి పేరు చెప్పనవసరము లేదు. హైదరాబాదులో గాని, కాజీపేటలో గాని, మరెక్కడ గాని రోమన్ కాథోలిక్ వారు నడిపే మగపిల్లల హైస్కూలు అంటే చాలు, వినేవారికి అర్థమైపోతుంది. హిందువులు, ముస్లింలు, మన సి.ఎస్.ఐ. సంఘస్థులు అందరూ ఆ బడుల యెదుట వరుసలో నిలబడినవారే. ఆ తల్లిదండ్రుల చరిత్రను ఈ దినము కొంచెము ధ్యానించుదము.

ముందు మన ఊరి సంగతి. 1923లో మొదలై 1931 నాటికి మంజీర నదిపై నిజాంసాగర్ కట్టబడెను. నీళ్లు వచ్చినవి, నీళ్ల వెంట చెరకు వచ్చినది, చెరకు వెంట 1937లో షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వచ్చినది. ఒకప్పుడు అది ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. గుంటూరు, కృష్ణా వైపు నుండి రైతులు వచ్చి క్యాంపులు వేసుకొన్నారు. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన ప్రతి ఇంట్లో మొదట పుట్టిన ఆశ ఒక్కటే. మావాడు చెరకు కొట్టకూడదు, ఇంగ్లీషు చదవాలి.

ఇంగ్లీషు ఎక్కడ దొరుకును? నిజాం పాలనలో ప్రభుత్వ భాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము కూడా ఉర్దూ మాధ్యమమే. ఇంగ్లీషు చదువు కొద్ది బడులలోనే ఉండెను, వాటిలో ముఖ్యమైనవి మిషనరీ బడులు. అందుకే బోధన్ తల్లిదండ్రుల కథ చెప్పాలంటే హైదరాబాదు వెళ్లక తప్పదు. అక్కడి ఆల్ సెయింట్స్ హైస్కూలు 1855లో ప్రారంభమైన కాథోలిక్ బడి. తరువాత అది మోన్‌ఫోర్ట్ బ్రదర్స్ ఆఫ్ సెయింట్ గాబ్రియేల్ అను సభవారి చేతికి వచ్చినది. ఫ్రాన్సు దేశములో పుట్టిన ఈ సభ 1903లో భారతదేశమునకు వచ్చెను. 1953లో లిటిల్ ఫ్లవర్, 1954లో సెయింట్ పాల్స్, 1955లో కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్స్, ఇవన్నీ వారివే. మనవాళ్లు వారిని "ఫాదర్" అని పిలుస్తారు గాని వారు బ్రదర్లు. గురుపట్టము పొందకుండ, పెండ్లి చేసుకొనక, బడినే సేవగా ఎంచుకొన్నవారు.

తల్లిదండ్రులు వారిని ఎందుకు నమ్మిరి? వారు బడి ఆవరణలోనే కాపురముంటారు. పొద్దున ప్రార్థన మొదలు రాత్రి స్టడీ అవర్ వరకు పిల్లవాని మీద ఒక కన్ను ఉంటుంది. గంట కొట్టితే గంటే. క్రికెట్ ఆటగాళ్లు ఆబిద్ అలీ, అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్‌లో చదివినవారే. ముస్లిం తల్లిదండ్రులు సిలువ గుర్తున్న గేటులోనికి తమ కుమారులను పంపిరంటే ఆ నమ్మకము ఎంతటిదో ఆలోచించండి.

అయితే ప్రియులారా, ఆ నమ్మకమునకు వెల కూడ ఉండెను. అడ్మిషన్ ఫారము కొరకు తెల్లవారకముందే వరుస. పిల్లవానికి పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ. ఇంగ్లీషు రాని తల్లి ఆ గదిలో కుర్చీ అంచున కూర్చుండి తల మాత్రము ఊపును. ఇంటికి వచ్చిన చీటీని పక్కింటి ఉద్యోగస్థునిచేత చదివించుకోవాలి. బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా. మన సంఘపు తల్లిదండ్రులకు ఇంకొక చిక్కు. కాథోలిక్ పిల్లలు కేటకిజమునకు పోతారు, ఇతరులు మోరల్ సైన్సుకు పోతారు. మరి మన పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి? జపమాల చెప్పేటప్పుడు ఏమి చేయాలి? ఇంటిలో గుసగుసలాడుకొన్నారు గాని, "సీటు పోతుందేమో" అని బడిలో అడిగినవారు తక్కువ.

ఇక్కడ ఒక చరిత్రాంశము గమనించండి. 1922లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రము పిల్లలందరు ప్రభుత్వ బడికే వెళ్లవలెనని చట్టము చేసెను. కాథోలిక్ సిస్టర్లు కోర్టుకు వెళ్లిరి. 1925లో ఆ దేశపు సుప్రీంకోర్టు చట్టమును కొట్టివేసెను. ముఖ్యమైన కారణమేమి? పిల్లవాని పెంపకమును, చదువును నిర్ణయించే హక్కు తల్లిదండ్రులదని. అంటే కాథోలిక్ బడి తన్ను తాను కాపాడుకొన్నది తల్లిదండ్రుల హక్కు పేరు మీదనే! 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యను గూర్చిన ప్రకటనలో పిల్లలకు మొదటి, ముఖ్యమైన బోధకులు తల్లిదండ్రులేనని తేటగా ఒప్పుకొనెను. మనము వారితో సిద్ధాంతములో ఎన్ని విషయములలో భేదించినను, ఈ మాటకు ఆమేన్ అనవచ్చును.

మరి మన దగ్గర ఏమి జరిగినది? 1975లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టము తెచ్చెను. ఉపాధ్యాయుని తొలగించుటలో ప్రభుత్వమునకు ఎంత అధికారము ఉండవచ్చుననే వివాదము ఆల్ సెయింట్స్ హైస్కూలు పేరుతోనే సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. 1980లో ముగ్గురు న్యాయమూర్తులు వేర్వేరుగా తీర్పులు వ్రాసిరి. ఆ చట్టములోని కొన్ని నిబంధనలు మైనారిటీ సంస్థలకు వర్తింపవని తేలెను. అదే సమయములో బడిని నడిపే హక్కు అనగా చెడుగా నడిపే హక్కు కాదనియు కోర్టు గుర్తుచేసెను. రాజ్యాంగములోని 30వ అధికరణమును గూర్చి మాట్లాడేవారు నేటికీ ఈ తీర్పును చెప్పుకొంటారు. అయితే ఆ వివాదములో ఒకవైపు యాజమాన్యము, ఒకవైపు ప్రభుత్వము, నడుమ ఉపాధ్యాయులు. ఫీజు కట్టి పిల్లవానిని పంపిన తండ్రి ఎక్కడ? అతడు గేటు బయటనే ఉన్నాడు.

2014లో ఇంకొక తీర్పు వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము మైనారిటీ బడులకు వర్తించదని రాజ్యాంగ ధర్మాసనము చెప్పెను. పేద పిల్లలకు 25 శాతము సీట్లు, ఇంటర్వ్యూల నిషేధము మొదలైనవి ఆ చట్టములోనివే. 2025లో ఇద్దరు న్యాయమూర్తులు ఈ తీర్పును పెద్ద ధర్మాసనము మరల పరిశీలించుట మంచిదని అభిప్రాయపడిరి.

అట్లని తల్లిదండ్రుల చేతిలో ఏమియు లేదనుకొనవద్దు. 28వ అధికరణము చూడండి. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయము గాని పొందిన బడిలో, సంరక్షకుని సమ్మతి లేక మైనరు బిడ్డను మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనచేయరాదు. అనగా జపమాల విషయములో గుసగుసలు అవసరము లేదు, మర్యాదగా ఒక ఉత్తరము వ్రాస్తే చాలును. క్యాపిటేషన్ ఫీజును ఉమ్మడి రాష్ట్రము 1983లోనే నిషేధించినది. 1994 నాటి జీవో నంబరు 1 ప్రైవేటు బడుల ఫీజు రాబడిలో సగము జీతములకు పోవలెననియు, యాజమాన్యము 5 శాతమే ఉంచుకొనవలెననియు చెప్పి, పాలకమండలిలో తల్లిదండ్రులకు చోటు చూపినది. అయితే ఆ చోటును అడిగి కూర్చున్నవారు ఎందరు?

ఇది మన ఊరికి చిన్న సంగతి కాదు. 2002లో షుగర్ ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటువారికి పోయెను. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడెను. జీతము ఆగినను ఫీజు ఆగదు. అటువంటి సమయములో ఇంటిలో ఏమి జరుగునో కాపరులకు తెలియును. కొడుకు ఇంగ్లీషు బడిలోనే ఉండును, కూతురు మాత్రము బడి మారును. మగపిల్లల బడి గొప్పదే కావచ్చును. దాని ఫీజు మన ఆడబిడ్డ చదువులోనుండి కట్టబడుచున్నదా అని ప్రతి తండ్రి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

హన్నా తన బిడ్డ సమూయేలును షిలోహు మందిరములో ఏలీ చేతికి అప్పగించెను. అది మంచి స్థలమే, అయితే ఏలీ కుమారులు మంచివారు కారు. ఆమె అప్పగించి మరచిపోలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లెను. అంగీ కుట్టాలంటే బిడ్డ ఎంత ఎదిగెనో తెలియవలెను గదా! దేవునికే అప్పగించిన బిడ్డ విషయములో తల్లి అంత శ్రద్ధ చూపినప్పుడు, బడికి అప్పగించిన బిడ్డను గూర్చి మనమెంత శ్రద్ధ చూపవలెను!

కాబట్టి ప్రియులారా, బ్రదర్ల త్యాగమునకు కృతజ్ఞులమై యుందము. మంచి చేసినచోట మంచి అని చెప్పుదము. పేరెంట్స్ మీటింగుకు పనిమానియైనను వెళ్లండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే అడగండి, సిగ్గుపడకండి. ఫీజు రసీదు తీసికొనండి. పిల్లవానిని బడిలో ఏమి నేర్చితివని రాత్రి భోజనము దగ్గర మన భాషలో అడగండి. అప్పుడు బడియు ఇల్లును కలిసి ఆ బిడ్డను పెంచును. దేవుడు మీ కుమారులను, మీ కుమార్తెలను దీవించును గాక. ఆమేన్.