మల్లీశ్వరి: దాసి నాయికయైన చారిత్రక ప్రణయగాథ

మన చారిత్రక ప్రణయగాథలలో నాయిక సాధారణముగ రాజకన్య. దాసి ఆమెకు చెలికత్తె, సందేశహారిణి. ఈ సంప్రదాయమునకు భిన్నముగ రాణివాసపు పరిచారికను నాయికగ నిలిపిన చలనచిత్రము వాహినీవారి ‘మల్లీశ్వరి’ (1951). దర్శకుడు బి. ఎన్. రెడ్డి, మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. ఇందలి దాస్యస్వరూప మెట్టిదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

కథకు మూలములు రెండు. ఒకటి బుచ్చిబాబు ‘రాయలవారి కరుణాకృత్యము’ అను నాటిక. రెండవది ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’లో వెలువడిన దేవన్ షరార్ ఆంగ్లకథ; దాని పేరు తెలుగున ‘చక్రవర్తి, బానిసపిల్ల’ అని అగును. మొదటి పేరున ప్రభువు దయ, రెండవదానిలో బానిసత్వము బాహాటముగ నున్నవి. చిత్రమునకు వచ్చుసరికి రెండును తొలగి నాయిక పేరే మిగిలినది. ఇది చిన్న మార్పు కాదు.

మల్లి వీరాపురపు పిల్ల. సత్రములో మారువేషముననున్న రాయల యెదుట ఆమె ఆడినది. రాణివాసమునుండి ఆమెకు పల్లకి పంపింపుడని బావ నాగరాజు పరిహాసముగ నన్నాడు. పల్లకి నిజముగనే వచ్చినది. ధనాశగల తల్లికి అది భాగ్యము. ఇచట కొనుగోలు లేదు, సంకెల లేదు, గౌరవమే బంధనము. లోనికి పోయిన స్త్రీ మరల వెలికి రారాదు. అనుమతి లేక లోన అడుగిడిన పురుషునకు మరణదండన.

ఈ కట్టుబాటు కేవలము కవికల్పనమా? 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పేస్, ముగ్గురు పట్టపురాణులకు తలకొక అరువదిమంది పరిచారికలు కలరనియు, అంతఃపురమునకు నపుంసకులు కాపనియు వ్రాసెను. 1535 ప్రాంతమున నూనిజ్ చెప్పిన లెక్క ఇంకను పెద్దది: అంతఃపుర స్త్రీలు నాలుగువేలకు పైబడియుండిరట. వారిలో నర్తకులు, మల్లయుద్ధము చేయువారు, జోస్యము చెప్పువారు, రాణులను భుజములపై మోయువారు కలరు. లోపలి వ్యయమునకు లెక్కలు వ్రాయువారును, రాజ్యవ్యవహారములను గ్రంథస్థము చేసి వెలుపలి లేఖకుల పుస్తకములతో సరిచూచువారును స్త్రీలే. విదేశీయుల సంఖ్యలను అక్షరశః నమ్మ బనిలేదు. కాని పనుల పట్టిక అంత వివరముగ కల్పించుట కష్టము.

చిత్రములోని అంతఃపురమున ఈ శ్రమజీవనము కానరాదు. మల్లి చెలికత్తె, ఉషాపరిణయ నాట్యమున నర్తకి, విరహిణి. భానుమతి గాత్రమున ఆ విరహము సాటిలేనిది, సందేహము లేదు. దాస్యము ఆమెకు పని రూపమున గాక ఎడబాటు రూపమున మాత్రమే బాధించుచున్నది. నాగరాజు పట్టువడిన పిమ్మట రాయలు ఇరువురను క్షమించి విడుచును. వారికి లభించినది హక్కు గాదు, ప్రభువు కరుణ. బుచ్చిబాబు పెట్టిన పేరే ఇచట సరియైనది.

1955 నాటి ‘అనార్కలి’ నాయికయు దాసియే గాని, ఆ కథ మొగలులది. పిదప పరిశ్రమ మద్రాసునుండి క్రమముగ హైదరాబాదునకు తరలి, జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్‌లయందు స్థిరపడినది. ఈ కాలపు ‘రుద్రమదేవి’ (2015) నాయిక స్వయముగ పాలకురాలు. ‘బాహుబలి’ (2015, 2017) చరిత్ర కాదు, కల్పితరాజ్యగాథ. అయినను అందు దాస్యము కట్టప్పయను యోధునకు సంక్రమించినది, స్త్రీపాత్రలలో ప్రధానమైనవారు రాణులు. నూనిజ్ పేర్కొనిన లెక్కలు వ్రాయు పరిచారిక మాత్రము, నాకు తెలిసినంతలో, నాయికగ నింకను తెరకెక్కలేదు.